మూడుసార్లు మూసేశారు, ఒక్కసారీ చదవలేదు

అనంతపురం

కస్టమర్ సేవల విభాగం అధికారి గారికి,

నమస్కారం. మీకు ఇది నా తొమ్మిదో లేఖ. ముందటి ఎనిమిదీ ఈమెయిళ్ళు. వాటిలో ఒక్కదాన్ని కూడా మీవాళ్ళు చివరి దాకా చదవలేదు. అందుకే ఈసారి కాగితం మీద రాసి స్పీడ్ పోస్టులో పంపుతున్నాను.

మే నెలలో మీరు పంపిన ఇ-సెలెక్టిన్, అదే రక్తనాళం గోడ మీద ఉండి తెల్లకణాలను పట్టి ఆపే ప్రోటీన్, పనిచేయడం లేదు. థర్మోకోల్ పెట్టె తెరిచేసరికి డ్రై ఐస్ పలుకు కూడా మిగల్లేదు, సీసా వెచ్చగా ఉంది. ఆ రోజే ఫొటోలు పంపాను. మా ఊరి ఎండలో సరుకు చెడిపోవడం జరిగేదే, దానికి నాకు కోపం లేదు. ఆ తర్వాత ఐదు వారాలు నన్ను తిప్పిన తీరుకే ఈ లేఖ.

మొదట ఒకమ్మాయి ఫోన్ చేసి "కాల్షియం కలిపారా మేడమ్?" అని అడిగింది. కాల్షియం లేకుండా సెలెక్టిన్ కణాల మీది చక్కెరను పట్టుకోదని మా ఎమ్మెస్సీ పిల్లలకే తెలుసు. కలిపామని ఫిర్యాదు రెండో వాక్యంలోనే రాశాను. అయినా ఓపిగ్గా చెప్పాను. రెండు రోజులకు ఇంకొకబ్బాయి, అదే ప్రశ్న. వారం తర్వాత మూడో మనిషి, మళ్ళీ అదే ప్రశ్న. ప్రతిసారీ టికెట్ నంబరు చెప్పి, కథంతా మొదటి నుంచి చెప్పుకొచ్చాను. గోడకు చెప్పుకున్నా ఇంతకంటే నయం.

పట్టుబట్టి అడిగితే మీ సాంకేతిక నిపుణుడికి కలిపారు. ఆయన అన్న మాట నాకింకా చెవుల్లో ఉంది: "మీరు కణాలకు ప్రోటియేజ్ పట్టించారు కదా, పైనున్న ప్రోటీన్లన్నీ తెగిపోయాయి. ఇక సెలెక్టిన్ దేన్ని పట్టుకుంటుంది? తప్పు మీ దగ్గరే ఉంది."

అయ్యా, మా పని మొత్తం ఆ ప్రశ్న మీదే నడుస్తోంది. మనిషి న్యూట్రోఫిల్, అంటే ఒక రకం తెల్లకణం, మీది ప్రోటీన్లను ఆ ప్రోటియేజ్ ఎంజైముతో కోసేసినా ఇ-సెలెక్టిన్‌కు అంటుకునే గుణం పోదు. కణపొరలో నాటుకుని ఉన్న కొవ్వు అణువులు కొన్ని తలమీద పొడుగాటి చక్కెర గొలుసులు మోస్తుంటాయి. గొలుసు కొసన సియాలిక్ ఆమ్లం, పక్కన కొమ్మల్లా ఫ్యూకోజ్ అనే చక్కెరలు. ప్రోటియేజ్ వాటి జోలికి పోదు. మనిషి న్యూట్రోఫిల్‌లో ఇ-సెలెక్టిన్‌ను పట్టే గ్రాహకాలు ఈ చక్కెర కొవ్వులేనని 2008లోనే అచ్చయింది. ఇదంతా రాసి పంపాను. దానికి ఆయన జవాబు ఒక్క వాక్యం: "ఎలుక కణాలతో ప్రయత్నించండి." ఎలుక న్యూట్రోఫిల్‌కు ప్రోటియేజ్ పట్టిస్తే ఆ పట్టు పోతుంది. ఆయన సలహా పాటిస్తే మీ సరుకు మంచిదో చెడ్డదో ఎప్పటికీ తేలదు. అక్కడే నాకు తెలిసిపోయింది, ఆయన నా ఉత్తరం తెరవనేలేదని.

నిజం తేల్చే పరీక్ష మేము చేసే ఉన్నాం. ఫ్రీజర్‌లో మీదే పాత లాట్, అంటే ముందు విడత సరుకు, కొంచెం మిగిలింది. ఒకే రోజు, ఒకే రక్తం, ఒకే కాల్షియం. పాత లాట్‌కు కణాలు అంటుకున్నాయి, కొత్త లాట్‌కు అంటుకోలేదు. ఆ చిత్రాలు మీ దగ్గరే ఉన్నాయి.

ఆ రక్తం మా విద్యార్థులది. న్యూట్రోఫిళ్ళను దాచుకోలేం, తీసిన పూటే వాడాలి. పొద్దున ఏడింటికే వచ్చి చేయి చాపిన పిల్లల రక్తం నాలుగుసార్లు వృథాగా పోయింది. నాకు ఏడుపొచ్చింది. ఈ సంగతి చెబితే మీ ఉద్యోగి "చిన్న ఆర్డరే కదా మేడమ్" అన్నాడు. 1992లో వైద్యులు వర్ణించిన పిల్లల గురించి అతనికి చెప్పాలనిపించింది. వాళ్ళ కణాల మీద ఫ్యూకోజ్ చక్కెరలు లేవు. రక్తం నిండా తెల్లకణాలున్నా అవి నాళం గోడను పట్టుకుని ఆగలేవు, పుండు దగ్గరికి చేరలేవు. ఒక్క చక్కెర లేకపోతే పసిబిడ్డను మళ్ళీ మళ్ళీ ఇన్ఫెక్షన్లు చుట్టుముడతాయి. మా పని ఎంత చిన్నదైనా ఆ చక్కెర గురించే.

ఈలోగా మీరు టికెట్‌ను మూడుసార్లు మూసేశారు. మూడుసార్లూ "సమస్య పరిష్కరించబడింది" అన్న సందేశం వచ్చింది. ఎవరు పరిష్కరించారు? నన్ను అడిగారా?

పదకొండేళ్ళుగా మీ దగ్గరే కొంటున్నాను. తక్కువ ధరకు ఇస్తామని వేరేవాళ్ళు వచ్చినా, మీ సరుకు మీద నమ్మకంతో కొనుగోలు కమిటీలో మీ తరఫున నేనే వాదించాను. రేపటి కమిటీకి ఏం చెప్పమంటారు? ప్రాజెక్టు గడువు సెప్టెంబరుతో అయిపోతుంది. పరిశోధక విద్యార్థిని ఒకమ్మాయి థీసిస్ దీని మీదే ఆగి ఉంది.

కొత్త లాట్ పంపుతారో, డబ్బు వెనక్కిస్తారో మీ ఇష్టం. కానీ ఈసారి ఫోన్ చేసేవాళ్ళు ముందు ఈ లేఖ చదివి చేయాలి. పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. మిమ్మల్ని నమ్మి కొంటున్న రాయలసీమ కళాశాలల్లోని నా తోటి అధ్యాపకులందరికీ ఈ ఎనిమిది ఈమెయిళ్ళూ, మీ జవాబులూ పంపుతాను.

ఇట్లు,
బయోకెమిస్ట్రీ అధ్యాపకురాలు,
అనంతపురం