గాయకుల గొంతుకూ అగ్రిమెంటు కావాలి

సంపాదకుడు గారికి,

నమస్కారం. ఏఐ నకిలీల మీద మన దగ్గర జరుగుతున్న చర్చంతా సినిమా హీరోల ఫొటోలు, కోర్టు ఉత్తర్వుల చుట్టూనే తిరుగుతోంది. పాటే జీవనాధారమైన వాళ్ల ఊసు అందులో లేదు. ఈ విషయంలో బ్రిటన్ గాయని ఎఫ్‌కేఏ ట్విగ్స్ ప్రస్థానం నుంచి మనం నేర్చుకోవలసింది చాలా ఉంది.

ఆమె అసలు పేరు తాలియా బార్నెట్. 1988లో ఇంగ్లండ్‌లోని గ్లాస్టర్‌షైర్‌లో పుట్టారు. తండ్రిది జమైకా మూలం. మొదట్లో పేరున్న గాయకుల వీడియోల్లో వెనక వరుస డాన్సర్. 2012లో నాలుగు పాటల ఈపీని (ఆల్బమ్ కన్నా చిన్న పాటల సంపుటిని) సొంతంగా విడుదల చేశారు. 2013లో వెనిజులా సంగీతకారిణి ఆర్కాతో కలిసి రెండోది చేశారు. 2014లో వచ్చిన తొలి పూర్తి ఆల్బమ్ బ్రిటన్ సంగీత పురస్కారం మెర్క్యురీ ప్రైజ్ తుది జాబితాకు ఎక్కింది. తర్వాత 2019లో మాగ్డలీన్, 2022లో కాప్రిసాంగ్స్, 2025లో యూసెక్సువా. కాప్రిసాంగ్స్‌లో బ్రిటన్ గాయని షైగర్ల్‌తో కలిసి పాడారు. యూసెక్సువాకు ఊపిరి ప్రాగ్ నగరపు టెక్నో క్లబ్బుల నుంచి వచ్చింది.

ఇన్ని మలుపుల్లోనూ ఆమె వాయిద్యం ఒక్కటే, గొంతు. ఊపిరి ఎక్కువ, నాదం తక్కువ ఉండే పైస్థాయి గొంతు అది. దాన్నే పొరలు పొరలుగా రికార్డు చేసి, శ్రుతి పైకీ కిందికీ జరిపి, అక్షరాలుగా తుంచి తాళంలా వాడతారు. ఎలక్ట్రానిక్ సంగీతమంటే గొంతుతో పనిలేదనుకునేవాళ్లు ఈమె పాటలు హెడ్‌ఫోన్స్‌లో ఒక్కసారి వినాలి. అంత గొప్పగా వాడారు.

మొదట ఆమె పేరు ట్విగ్స్ మాత్రమే. ఆ పేరుతో అప్పటికే ఉన్న మరో సంగీత ద్వయం అభ్యంతరం చెప్పడంతో ముందు మూడు అక్షరాలు చేర్చుకున్నారు. పేరు విషయంలో అలా నిలదీయడానికి దారి ఉంది. గొంతు విషయంలో అలాంటి దారి తనకు లేకపోవడం వల్లే 2024 ఏప్రిల్ 30న ఆమె అమెరికా సెనేట్ మేధాసంపత్తి ఉపసంఘం ముందు సాక్ష్యం చెప్పారు. తాను పాడని పాటలు తన పేరుతో ఇంటర్నెట్‌లో తిరుగుతున్నాయన్నారు. అదే సాక్ష్యంలో, తన ఏఐ ప్రతిరూపాన్ని తానే తయారు చేయించుకున్నానని కూడా చెప్పారు. అది ఆమె స్వరంతోనే పలు భాషల్లో మాట్లాడుతుంది. సోషల్ మీడియా పని దానికి అప్పగిస్తే, తన సమయం కళకు మిగులుతుందని ఆమె ఆలోచన. అంటే ఆమె గొడవ సాంకేతికతతో కాదు, అడగకుండా వాడుకోవడంతో. ఈ తేడా మన చర్చలో లేకపోవడమే నా బాధ.

గొంతు నకలు ఎలా తయారవుతుందో తెలిస్తే ప్రమాదం ఎక్కడుందో అర్థమవుతుంది. ఉచితంగా దొరికే ఆర్‌వీసీ అనే సాఫ్ట్‌వేర్‌కు దాదాపు పది నిమిషాల శుభ్రమైన గొంతు రికార్డింగ్ చాలు. మామూలు గేమింగ్ కంప్యూటర్ మీద కొన్ని గంటల్లో శిక్షణ అయిపోతుంది. చివరికి మిగిలే మోడల్ ఫైలు, అంటే ఆ గొంతు పోలికను నేర్చుకున్న ఫైలు, సుమారు 50, 60 ఎంబీ. వాట్సాప్‌లో పంపేయొచ్చు. తర్వాత ఎవరో ఒకరు పాట పాడతారు. రాగం, తాళం, విరుపులు అన్నీ వాళ్లవే, నాద గుణం, అంటే వినగానే గొంతు ఫలానావారిదని పట్టిచ్చే లక్షణం, మాత్రం మోడల్‌లోని గాయకుడిది. కాబట్టి ఒక్క నకిలీ పాటలో ఇద్దరికి అన్యాయం జరగొచ్చు: గొంతు చోరీ అయినవాళ్లకు, పాడినా పేరు రానివాళ్లకు.

విడుదలైన పాటలోంచి గొంతును విడదీసి శిక్షణ ఇస్తే ఫలితం అంత బాగుండదు. రివర్బ్ (గొంతుకు కలిపే ప్రతిధ్వని), కోరస్ అవశేషాలు అంటుకుని ఉంటాయి, వాటిని కూడా మోడల్ గొంతులో భాగమనుకుంటుంది. రేకు మోగినట్టుండే శబ్దం అలాగే వస్తుంది. ఊపిరి ఎక్కువున్న చోట శ్రుతిని పసిగట్టే భాగం తడబడి ఒక స్థాయి పైకో కిందికో గెంతుతుంది. వేగమైన గమకాలు చదునైపోతాయి. తెలుగు పాటల్లో ళ, ణ ఒత్తు తగ్గి ల, న వైపు జారుతుంటాయి. ఈ సాఫ్ట్‌వేర్ పునాదిలో ఉన్న మోడల్ నేర్చుకున్నది 960 గంటల ఇంగ్లిష్ ఆడియోబుక్స్ నుంచి మరి. అయితే ఫోన్ స్పీకర్‌లో రీల్ వినేవాళ్లకు ఇవేవీ పట్టవు.

అసలు ముప్పు డ్రై వోకల్‌తో. ఎఫెక్టులేవీ వేయని ఆ పచ్చి రికార్డింగే శిక్షణకు అత్యుత్తమ సరుకు. అది స్టూడియో హార్డ్‌డిస్కులో ఉంటుంది, గాయకుల చేతిలో ఉండదు. మన సినిమా రంగంలో ట్రాక్ పాడేవాళ్లు ఉన్నారు. పెద్ద గాయకులు వచ్చి పాడేదాకా వాళ్ల గొంతే పాటను మోస్తుంది, తర్వాత తుడిచేస్తారు. ఇకముందు పెద్ద గాయకులు రానక్కర్లేదు, ట్రాక్‌నే వాళ్ల గొంతులోకి మార్చేయొచ్చు. డబ్బింగ్ ఆర్టిస్టులకు, యూట్యూబ్ చానళ్లకు పాడే జానపద గాయకులకు, ఎన్నికల ప్రచార పాటలు పాడేవాళ్లకు కూడా ఇదే పరిస్థితి.

మన కాపీరైట్ చట్టం 38వ సెక్షన్ కింద ప్రదర్శకులకు 50 ఏళ్ల హక్కు ఉంది. 2012 సవరణతో వచ్చిన 38బి వక్రీకరణను అడ్డుకునే నైతిక హక్కు కూడా ఇచ్చింది. కానీ ఇవి గాయకులు పాడినదానికి రక్షణ. వాళ్లు పాడనే పాడని పాట వాళ్ల గొంతుతో వస్తే ఈ సెక్షన్లు సూటిగా పనికిరావు. అర్జిత్ సింగ్ 2024 జులైలో బొంబాయి హైకోర్టుకు వెళ్లి వ్యక్తిత్వ హక్కుల (తన పేరు, రూపం, గొంతు మీద మనిషికి ఉండే హక్కుల) కింద మధ్యంతర ఉత్తర్వు తెచ్చుకున్నారు. చిరంజీవి గారికి 2025 సెప్టెంబరులో హైదరాబాద్ సిటీ సివిల్ కోర్టు ఊరటనిచ్చింది. ఖ్యాతి, లాయరు ఫీజు రెండూ ఉన్నవాళ్లకు ఈ దారి ఉంది. కోరస్ పాడే అమ్మాయికి లేదు. అమెరికాలో టెనెసీ రాష్ట్రం గొంతును కూడా రక్షిస్తూ చేసిన చట్టం 2024 జులై 1న అమల్లోకి వచ్చింది. మనకు అలాంటిది కావాలి. కానీ చట్టం వచ్చేలోపు కాగితం మీద చేయగలిగింది చాలా ఉంది.

2023లో వచ్చిన ఒక తెలుగు సినిమాలో కీర్తిశేషులు ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారి గొంతును ఏఐతో సృష్టించారని, తమను అడగలేదని ఆయన కుటుంబం లీగల్ నోటీసు పంపింది. ఇంచుమించు అప్పుడే ఏఆర్ రెహమాన్ దివంగత గాయకులు బంబా బాక్యా, షాహుల్ హమీద్‌ల గొంతులను ఏఐతో ఒక తమిళ పాటలో వాడారు. కుటుంబాల అనుమతి తీసుకుని, పారితోషికం ఇచ్చామని ప్రకటించారు. వాడిన సాంకేతికత ఒకే కోవకు చెందింది. వచ్చిన తేడా అనుమతి దగ్గరే.

తెలుగు ఫిల్మ్ చాంబర్, గాయకుల సంఘాలు, రెండు రాష్ట్రాల సాంస్కృతిక శాఖలు కలిసి ఒక నమూనా ఒప్పందం తయారు చేయాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. పాట హక్కుల సంతకం వేరు, గొంతు నకలు సంతకం వేరు అని మొదటి వాక్యంలోనే ఉండాలి. ఏ పాటకు, ఏ భాషలో, ఎన్నాళ్లు, ఎంత డబ్బుకు అన్న నాలుగు గడులు ఖాళీగా ఉంటే అనుమతి లేనట్టే లెక్క. డ్రై వోకల్ ఎవరి దగ్గర ఉంటుందో, గడువు ముగిశాక మోడల్ ఫైలును ఎవరు తుడిచేస్తారో పేరుతో సహా రాయాలి. ట్రాక్ పాడినవారి మీద వేరే గొంతు తొడిగితే వారికి పేరు, అదనపు పారితోషికం రెండూ ఇవ్వాలి. గాయకుల తదనంతరం నిర్ణయం ఎవరిదో వాళ్లే రాసిపెట్టుకునే చోటు ఉండాలి. ‘ప్రస్తుతమున్న, భవిష్యత్తులో రాబోయే అన్ని మాధ్యమాల్లో’ అన్న పాత వాక్యాన్ని గొంతుకు వర్తింపజేయకూడదని స్పష్టంగా చెప్పాలి. ఇదంతా ఒక్క పేజీలో పడుతుంది. ఆ పేజీ తెలుగులో ఉండాలి, పాట రికార్డయ్యాక కాకుండా మైకు ముందుకు వెళ్లకముందే గాయకుల చేతికి అందాలి.

భవదీయ,
రికార్డింగ్ రంగం తెలిసిన ఒక పాఠకుడు,
హైదరాబాద్