వంశధార రేవు పడవ: గత ఉగాది నుంచి ఈ ఉగాది దాకా జమా ఖర్చులు

రెండు ఒడ్డుల గ్రామస్తులకు, ఏటి మధ్య దిబ్బ మీద ఉంటున్న కుటుంబాలకు, వేరావల్‌లోనూ చెన్నైలోనూ పనుల్లో ఉండి డబ్బు పంపిన మన తమ్ముళ్ళకు పడవ కమిటీ నమస్కారాలు. గార మండలం ఒడ్డు నుంచి దిబ్బ మీదుగా పోలాకి మండలం ఒడ్డుకి తిరిగే మన ఫైబర్ పడవకి ఈ ఏడాది ఎంత వచ్చింది, ఎంత పోయింది అన్నది ఇది.

ముందు జమ. పాత నిల్వ రూ.18,400. ఇంటికి 500 చొప్పున 212 ఇళ్ళ చందా రూ.1,06,000. వలస వెళ్ళినవాళ్ళు పంపింది రూ.35,000. మనిషికి 10 రూపాయల చొప్పున రేవులో వసూలైంది రూ.94,600. మొత్తం రూ.2,54,000. బడి పిల్లల దగ్గర ఎప్పటిలాగే పైసా తీసుకోలేదు. నెలల తరబడి సముద్రం మీద ఉండేవాళ్ళు, ఇక్కడ పిల్లలు క్షేమంగా ఏరు దాటాలని పంపిన డబ్బు ఆ 35 వేలు. అందుకే దాన్ని పడవ అడుగు బాగుచేతకి, లైఫ్ జాకెట్లకి తప్ప దేనికీ ముట్టుకోలేదు. చాలని 7,600 చందాలోంచి వేశాం.

ఖర్చులో పెద్దది పెట్రోలు, రూ.76,300. పడవ నడిపే అతనికి నెలకి 6,000 చొప్పున రూ.72,000. గొట్టా బ్యారేజీ నుంచి నీళ్ళు ఎక్కువ వదిలిన రోజుల్లో పడవ కట్టేశాం కదా, ఆ రోజులకి జీతం ఎందుకని కొందరు అడిగారు. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫానుకి ఈ ఏరు ఎలా పొంగిందో మనమంతా చూసినవాళ్ళమే. రోజుకూలి పోతుందన్న బెంగ ఉంటే ఎవరైనా వరదలో కూడా పడవ తియ్యడానికే చూస్తారు. ఆ జీతం ఇచ్చి తీరాలన్నదే కమిటీ మాట.

అడుగు బాగుచేతకి రూ.31,800 అయింది. ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర ఇసుక మేటలు జరుగుతుంటాయి, పాటుకి నీళ్ళు తగ్గినప్పుడు పడవ అడుగు ఇసుకకి రాసుకుంటూనే ఉంటుంది. ఒడ్డుకి లాగి బోర్లించి గుల్లలు గీకేశాక, మేస్త్రీ వేలి కణుపుతో అంగుళం అంగుళం తట్టుకుంటూ పోయాడు. గట్టిగా ఉన్న చోట టంగుమంది, పొర విడిచిన చోట డొల్లగా పలికింది. అలాంటి చోట్లన్నీ సున్నంతో గుర్తు పెట్టి, అరగదీసి, బాగా ఆరనిచ్చి, ఫైబర్ మ్యాట్, దాన్ని అతికించే రెసిన్ పరిచి రంగు వేశారు. తడి మీద రెసిన్ పట్టదు కాబట్టి ఎండ కోసం ఆగాల్సి వచ్చింది. అన్ని రోజులూ నాటు పడవ ఇచ్చి ఆదుకున్న వాళ్ళకి కమిటీ రుణపడి ఉంది.

ఇంజిన్‌కి రూ.14,250. గేరు ఆయిల్ తీసి చూస్తే పాలు కలిపిన టీలా ఉంది. సీలు పోయి ఉప్పునీరు లోపలికి వెళ్ళిందన్నమాట. అలాగే నడిపి ఉంటే గేర్లు పట్టేసి, ఏటి మధ్యలో ఆగిపోయేది. సీలు, ఆయిల్, ప్లగ్గులు, నీళ్ళ పంపు రబ్బరు మార్చాం.

లైఫ్ జాకెట్లు 12, రూ.10,800. 2019 సెప్టెంబర్ 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర జరిగిన పడవ ప్రమాదం మరిచిపోయే సంగతి కాదు. ఉక్కపోస్తోందని జాకెట్ విప్పి ఒళ్ళో పెట్టుకునే పెద్దవాళ్ళకి చేతులు జోడించి అడుగుతున్నాం, పిల్లలు మిమ్మల్నే చూస్తారు. రేవులో చెక్కమెట్లు, మోకులకి రూ.9,700.

ఎక్కువ మాటలు పడింది జీపీఎస్ ట్రాకర్ మీద. సిమ్ రీఛార్జితో కలిపి రూ.5,400. ఈ చిన్న పడవకి అదెందుకన్నారు. అవతలి ఒడ్డున పురిటి నొప్పులతో ఉన్న ఆడపిల్లని తీసుకొచ్చినవాళ్ళకి పడవ ఎక్కడుందో తెలియకపోతే ఎంత టెన్షనో వాళ్ళనే అడగండి. ఇప్పుడు లింకు తెరిస్తే పడవ దిబ్బ దగ్గరుందా, బయల్దేరిందా అన్నది ఫోన్‌లో కనిపిస్తుంది. ఇంకో లాభం మాకు లెక్కలు రాసేటప్పుడు తెలిసింది. పడవ ఎన్ని గంటలు తిరిగిందో అందులో ఉంటుంది కాబట్టి, పెట్రోలు బిల్లుతో సరిచూడొచ్చు, వంద గంటలకోసారి చేయించాల్సిన సర్వీసింగ్‌ని గుర్తు పెట్టుకోవచ్చు. పెట్టెని ముందు పలక కింద, నీళ్ళు దిగకుండా సీలు చేసి బిగించాం. దయచేసి దాని మీద వలలు, బుట్టలు పెట్టకండి, సిగ్నల్ అందదు.

మొత్తం ఖర్చు రూ.2,20,250. చేతిలో నిల్వ రూ.33,750. ఇందులోంచి వానల్లోపు ఒక సర్వీసింగ్, స్పేర్‌గా ఒక ఇంజిన్ పంకా (ప్రొపెల్లర్) కొనాలని కమిటీ అనుకుంటోంది. ఊరందరూ ఒప్పుకుంటేనే కొంటాం. బిల్లులన్నీ రామాలయంలో పెట్టాం, ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు. దూరాన ఉన్నవాళ్ళకి ఫోటోలు తీసి వాట్సాప్‌లో పంపుతాం. వచ్చే ఏడాది చందా 500 ఉంచాలా, పెంచాలా అన్నది ఆదివారం సాయంత్రం రేవు దగ్గర కూర్చుని మాట్లాడుకుందాం. దిబ్బ మీదవాళ్ళని తీసుకురావడానికి పడవ నాలుగింటికి వస్తుంది.