తిమ్మిరికి వేసుకున్న మందే తిమ్మిరి

సంపాదకులు గారికి,

మా పెద్దక్కకు షుగరు వచ్చి పదమూడేళ్లు. నిరుడు నాట్ల రోజుల్లో అరికాళ్లు తిమ్మిరెక్కుతున్నాయంది. నడుస్తుంటే చెప్పు జారిపోయినా తెలియడం లేదట. ఊళ్లో మందుల దుకాణంవారు నరాల బలానికని ఒక మాత్రల అట్ట ఇచ్చారు. తగ్గకపోతే ఇంకొకటి ఇచ్చారు. పండక్కి వచ్చిన కోడలు మూడోది తెచ్చింది. పేర్లు వేరు, రంగులు వేరు. తిమ్మిరి మాత్రం మోకాళ్లకు పాకింది.

చివరికి భీమవరంలో ఒక వైద్యుడు మూడు అట్టలనూ వెనక్కి తిప్పి, ‘పిరిడాక్సిన్’ అన్న మాట కింద గీత గీసి, మోతాదులన్నీ కూడారు. అంటే బి6. రోజుకు 150 మిల్లీగ్రాములు తేలింది. మనిషికి కావలసింది రెండు, అటూ ఇటూగా. బి12 తగ్గితే కాళ్లు తిమ్మిరెక్కుతాయి. బి6 మోతాదు మించి నెలల తరబడి వాడినా అవే తిమ్మిర్లు. తగ్గలేదని ఇంకో మాత్ర వేసుకుంటాం, ఇంకా పెరుగుతుంది.

రక్తపరీక్షలో అక్కకు నిజంగా తక్కువున్నది బి12 అని తేలింది. షుగరుకిచ్చే మెట్‌ఫార్మిన్ మాత్ర ఏళ్ల తరబడి వాడేవారిలో ఇది మామూలేనట. పదమూడేళ్లలో ఆ పరీక్ష ఒక్కసారీ ఎవరూ రాయలేదు.

‘బి విటమినే కదా, ఎక్కువైతే మూత్రంలో పోతుంది’ అంటారు దుకాణాల్లో. ఈ మాత్రలు వేసుకున్నాక మూత్రంలో కనిపించే పసుపు రంగు బి2ది. దాన్ని చూసి బి6 కూడా హాని చేయకుండా పోతోందనుకోవడం పొరపాటు.

విటమిన్ల మీద నాకు కోపం లేదు. మరపట్టిన తెల్లబియ్యం తిని, బి1 చాలక బెరిబెరితో బాధపడ్డ కోస్తా మనది. గర్భిణులకిచ్చే మరో బి విటమిన్ ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో అమెరికాలో కృత్రిమంగా తయారు చేసిన బృందానికి పెద్ద, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారే. ఆ ఫోలిక్ ఆమ్లం కూడా, బి12 లోపం ఉన్నవారికి ఒక్కటే ఇస్తే రక్తహీనత తగ్గి లోపం బయటపడదు, నరాలు లోలోపల దెబ్బతింటూనే ఉంటాయి.

ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో చాలాకాలంగా మెట్‌ఫార్మిన్ తీసుకుంటున్నవారికి అప్పుడప్పుడు బి12 పరీక్ష చేయించాలి. ఏ మాత్రలో బి6 ఎంత ఉందో అట్ట మీద తెలుగులో, కంటికి ఆనేలా అచ్చు వేయించాలి. అక్క అట్టలు చదవడానికి నాకు భూతద్దం కావలసి వచ్చింది.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, పాలకొల్లు