యూకే, యూరప్ వెళ్ళాల్సిన పిల్లుల విషయం: మా కస్టమర్లకు

అందరికీ నమస్తే. మన షాపు నుంచి యూకేకి, యూరప్ దేశాలకి పిల్లుల్ని పంపే పని కొన్నాళ్ళు ఆపేశాం. బోర్డింగ్, గ్రూమింగ్, ఫుడ్ అమ్మకం అన్నీ మామూలుగానే నడుస్తున్నాయి. ఎందుకు ఆపామో నెల్లూరంతా తలా ఒక రకంగా చెప్పుకుంటున్నారు. మాగుంట లేఅవుట్ నుంచి వేదాయపాళెం దాకా మమ్మల్ని నమ్మి పిల్లుల్ని వదిలిపెట్టి ఊళ్ళకు వెళ్ళే వాళ్ళున్నారు. వాళ్ళకి ఈ సంగతి మా నోటితోనే తెలియాలని రాస్తున్నా.

బాలాజీనగర్‌లో ఒకమ్మ దగ్గర బుజ్జమ్మ అనే పిల్లి ఉంది. నాటు పిల్లే. అసలు పెంచుకున్నది వాళ్ళమ్మాయి, ఇప్పుడు ఇంగ్లండ్‌లో నర్సు. యూకే రూల్ ప్రకారం యజమాని ప్రయాణానికి ముందో, వెనకో అయిదు రోజుల లోపలే పిల్లి కూడా ప్రయాణం చేయాలి. లేకపోతే అమ్మకానికి తెచ్చిన జంతువు కింద లెక్కేసి వేరే నిబంధనలు పెడతారు. అందుకని ఆ అమ్మాయి సెలవు పెట్టుకుని వచ్చి, తన టికెట్టూ బుజ్జమ్మ బుకింగూ కుదిరేట్టు అంతా చూసుకుంది.

ఇందులో అసలు మెలిక రక్తపరీక్ష. ముందు పదిహేను అంకెల మైక్రోచిప్ వేయాలి, ఆ తర్వాతే రేబిస్ టీకా. టీకా వేసిన 30 రోజులకు గానీ రక్తం తీయకూడదు. దాన్ని యూకే, యూరప్ వాళ్ళు ఒప్పుకున్న ల్యాబ్‌కే పంపాలి. రేబిస్‌ని అడ్డుకోవడానికి టీకా వల్ల రక్తంలో పుట్టే యాంటీబాడీలు మిల్లీలీటరుకి 0.5 యూనిట్లు, లేదా అంతకంటే ఎక్కువ ఉండాలి. ఇండియా నుంచి వెళ్ళే పిల్లికి రక్తం తీసిన రోజు నుంచి మూడు నెలలు నిండితేనే అక్కడ అడుగు పెట్టనిస్తారు. రిపోర్టు ఎప్పుడొచ్చిందన్నది లెక్కలోకి రాదు, రక్తం తీసిన తేదీయే లెక్క. ఆ తేదీ పోయిందంటే మూడు నెలలూ మళ్ళీ మొదటి నుంచే.

మా డాక్టరు గారు బుజ్జమ్మకి రక్తం తీసి, అందులోంచి సీరం, అంటే పరీక్షకి కావలసిన పలచటి ద్రవం, వేరుచేసి, ట్యూబు మీద చిప్ నంబరు తన చేత్తోనే రాశారు. జెల్ ప్యాకుల మధ్య సర్ది థర్మోకోల్ పెట్టెలో పెట్టాం. మా తమ్ముడు కారు వేసుకుని చెన్నై వెళ్ళి, శుక్రవారం సాయంత్రం, పిల్లుల్ని బయటి దేశాలకు పంపే పనులు మాకు చూసిపెట్టే ఏజెంట్ ఆఫీసులో అప్పజెప్పి రసీదు తీసుకొచ్చాడు. ఆ రాత్రికే కొరియర్‌లో వేస్తామన్నారు. కొరియర్ బిల్లు మీద ఉన్న తేదీ మాత్రం సోమవారం! శని, ఆదివారాలు ఆ పెట్టె ఎక్కడుందని అడిగితే ఇవాళ్టికీ సమాధానం లేదు. కరిగిపోయిన జెల్ ప్యాకులైనా మార్చలేదు. ల్యాబ్ వాళ్ళు పంపిన ఫొటో నా ఫోన్‌లో ఉంది, షాపుకి వస్తే చూపిస్తా. మూత దగ్గర కారిపోయి ట్యూబులో అడుగున కాస్తే మిగిలింది. లేబుల్ తడిసి ఇంకు పాకింది, చిప్ నంబరులో చివరి అంకెలు చదవడానికి లేదు. అలాంటి శాంపిల్‌ని పరీక్ష చేయడం కుదరదని ల్యాబ్ వాళ్ళు చెప్పేశారు, వాళ్ళు చేసింది న్యాయమే. ఇంత జరిగినా ఏజెంట్ నుంచి మాకు ఫోన్ లేదు. మేం చేసినప్పుడల్లా ‘ప్రాసెస్‌లో ఉంది’ అనే చెప్పారు. గట్టిగా నిలదీస్తే గానీ నిజం బయటికి రాలేదు.

అప్పుడు ఆ ఏజెంటే ఒక దారి చెప్పాడు. తన దగ్గర టీకాలన్నీ సక్రమంగా వేసిన ఇంకో పిల్లి సీరం ఉందట. దాని మీద బుజ్జమ్మ చిప్ నంబరు వేసి, పాత తేదీతోనే పంపిస్తే పాసైపోతుందట. ‘ఎవరికీ తెలియదు, అమ్మాయి టికెట్ కూడా పోదు’ అన్నాడు.

ఆ రాత్రి నాకు నిద్ర లేదు. నిజం చెప్పాలంటే ఒప్పుకోవడానికి కారణాలు చాలానే కనిపించాయి. బుజ్జమ్మకి టీకా వేయించింది నేనే, అది గడప దాటని పిల్లి. ఆ అమ్మాయికి మళ్ళీ సెలవు దొరకడం ఎంత కష్టమో నాకు తెలుసు. వాళ్ళమ్మ షాపులో కూర్చుని ఏడుస్తుంటే ఏం చెప్పాలో తోచలేదు. కానీ టీకా వేసిన ప్రతి పిల్లికీ యాంటీబాడీలు చాలినంత వస్తాయని ఏమీ లేదు, పరీక్ష పెట్టిందే అందుకు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషైనా, జంతువైనా బతకడం దాదాపు అసాధ్యం. గబ్బిలాల సంగతి పక్కన పెడితే, 1922 నాటికే ఇంగ్లండ్ వాళ్ళు తమ గడ్డ మీది జంతువుల్లో ఆ జబ్బు లేకుండా చేసుకున్నారు. మన దగ్గర కుక్క కరిచిన పిల్లల్ని ఎత్తుకుని ఇంజెక్షన్ కోసం పరిగెత్తే తల్లుల్ని రోజూ చూస్తూ, ఆ పరీక్ష కాగితం మీద నేను అబద్ధం ఎక్కించలేను. దాని మీద మా డాక్టరు గారి సంతకం కూడా ఉంటుంది. అక్కడ తేడా బయటపడితే పిల్లిని క్వారంటైన్‌లో పెడతారు, లేదా తిప్పి పంపిస్తారు. ఖర్చంతా యజమాని మీదే.

తెల్లారగానే కుదరదని చెప్పేశా. అమ్మాయి బుజ్జమ్మ లేకుండానే వెళ్ళిపోయింది. మళ్ళీ రక్తం తీయించాం. ఆ పరీక్ష ఖర్చు, పిల్లి బుకింగ్ రద్దు చార్జీలు మేమే పెట్టుకున్నాం, ఏజెంట్ ఒక్క రూపాయి ఇవ్వలేదు. వాళ్ళమ్మ ఇప్పటికీ నాతో మునుపటిలా మాట్లాడటం లేదు. ఆమె బాధ నాకు అర్థమవుతుంది. అయినా ఆ నిర్ణయం మాత్రం మారదు.

నన్ను గుచ్చుకున్న మాట ఇంకొకటి ఉంది. ‘నెల్లూరులో వీళ్ళకేం తెలుసు, ఈ పనులు చెన్నైలో ఇచ్చుకోవాలి’ అని ఒకరిద్దరు అన్నారట. నెల్లూరులో చేసిన పనిలో లోపం ఎక్కడుందో నాకు చూపించండి. పెట్టె పాడైంది చెన్నై ఆఫీసులో. ఈ ఊళ్ళో ఉండే ఈ పని పద్ధతిగా చేసి చూపిస్తా.

ఇక మీదట రక్తం సోమ, మంగళవారాల్లోనే తీయిస్తాం. ట్యూబు మీద తడికి చెరగని లేబుల్ ఉంటుంది. శాంపిల్‌ని మధ్యలో ఎవరికీ ఇవ్వకుండా మా మనిషే తీసుకెళ్ళి కొరియర్ కౌంటర్‌లో అప్పజెబుతాడు. చార్జీ పెంచడం లేదు. విమానం బుకింగ్‌కి, చెన్నైలో యానిమల్ క్వారంటైన్ వాళ్ళ సర్టిఫికెట్ పనికి కొత్త ఏజెంట్‌తో మాట్లాడుతున్నాం. యూకేకి పిల్లిని కార్గోలోనే పంపాలి కాబట్టి ఏజెంట్ లేకుండా కుదరదు. పాత ఆయనకే ఇవ్వమని మాత్రం ఎవరూ నా దగ్గర సిఫారసుకి రావద్దు.

పర్షియన్ లాంటి చప్పిడి ముక్కు పిల్లుల్ని ఎండాకాలంలో ఏ దేశానికీ పంపం. వాటికి ఊపిరి తీసుకోవడమే కష్టం, రోహిణి కార్తె ఎండల్లో ఆ రిస్క్ చేయలేను. నిద్రమాత్ర వేసి పంపమని అడిగేవాళ్ళకి కూడా ఇదే జవాబు. మత్తులో ఉన్న పిల్లికి గాల్లో ఏమైనా అయితే పక్కన చూసే దిక్కుండదు. దానికి బదులు క్రేటు ఇప్పుడే ఇంటికి తీసుకెళ్ళి తలుపు తీసి ఉంచండి, లోపల మీ పాత చీర ముక్క వేయండి. బయల్దేరే నాటికి అదే వెళ్ళి అందులో పడుకుంటుంది.

అమెరికా వెళ్ళే పిల్లులకి హవాయి లాంటి చోట్లకు తప్ప ఈ రక్తపరీక్ష అవసరం రాదు కాబట్టి ఆ బుకింగులు ఆగవు. ఆస్ట్రేలియాకి ఇండియా నుంచి నేరుగా పంపడం కుదరదని ముందే చెబుతున్నా. యూకే, యూరప్‌కి అడ్వాన్సు కట్టినవాళ్ళు రసీదు తీసుకుని షాపుకి వస్తే మొత్తం అదే రోజు తిరిగి ఇస్తాం. ఆగుతామన్న వాళ్ళు పిల్లి టీకా కార్డు తీసుకొస్తే చాలు. బూస్టర్ గడువు ఎప్పుడుందో చూసి, రక్తం ఏ వారం తీయాలో అక్కడికక్కడే రాసిస్తా.