హరికృష్ణ గారి పాతికేళ్ల ఆట మన పిల్లలకు అందేదెప్పుడు? క్రీడా శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన క్రీడా శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను ఒక జిల్లా కేంద్రంలో పిల్లలకు చెస్ నేర్పే కోచ్‌ని. ఈ విషయం మీద ఇంతకు ముందు అర్జీలు పెట్టుకున్నాను, గ్రీవెన్స్‌లో లైన్లో నిలబడి ఇచ్చాను, పోస్టులో పంపాను. ఒక్కసారి మాత్రం ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, మీ సమస్య పరిష్కారమైంది అని. ఏం పరిష్కారమైందో ఎవరిని అడిగినా చెప్పలేదు, ఎవరు పరిష్కరించారో కూడా తెలియదు. అందుకే ఇలా అందరూ చదివేలా రాస్తున్నాను. మీ మీద కోపంతో కాదు సార్, ఇక వేరే దారి లేక.

పెంటేల హరికృష్ణ గారి గురించి మీకు నేను చెప్పాల్సిన పని లేదు. గుంటూరు బిడ్డ, ఆంధ్ర నుంచి మొదటి గ్రాండ్‌మాస్టర్, అంటే చెస్‌లో అన్నిటికన్నా పెద్ద టైటిల్ ఉన్నవాడు. 2001లో ఆ టైటిల్ వచ్చేనాటికి ఆయనకు పదిహేనేళ్లు, అప్పటికి దేశంలో అంత చిన్న వయసులో గ్రాండ్‌మాస్టర్ అయినవాళ్లు లేరు. 2004లో కొచ్చిలో ప్రపంచ జూనియర్ ఛాంపియన్. 2011లో ఆసియా ఛాంపియన్. 2024లో బుడాపెస్ట్‌లో మన దేశానికి మొట్టమొదటి చెస్ ఒలింపియాడ్ (దేశాల జట్ల పోటీ) స్వర్ణం తెచ్చిన జట్టులో ఆయన ఉన్నారు. ఆ జట్టులోని గుకేశ్, ప్రజ్ఞానంద, అర్జున్ ముగ్గురూ పుట్టకముందే ఆయన గ్రాండ్‌మాస్టర్. ఇవన్నీ సన్మాన పత్రాల్లో రాసే సంగతులే. సన్మాన పత్రంలో ఎవరూ రాయనిది ఒకటుంది, నా బాధంతా దాని గురించే.

ఆయన ఆటలో శిఖరానికి చేరింది ఎప్పుడు? 2016 చివర్లో. రేటింగ్, అంటే ఆటగాడి బలాన్ని చెప్పే అంకె, 2770, ప్రపంచంలో పదో స్థానం. అప్పటికి ఆయనకు ముప్పై ఏళ్లు. అంటే గ్రాండ్‌మాస్టర్ అయ్యాక ఇంకో పదిహేనేళ్లు పట్టింది. ఆ పదిహేనేళ్లలో ఏం జరిగిందో ఒక్కసారి ఆలోచించండి. పేపర్లో ఫోటో రాని టోర్నీలు ఎన్నో ఆడారు. 2012లో హాలండ్‌లో టాటా స్టీల్ టోర్నీ బి గ్రూప్ గెలిస్తే తప్ప మరుసటి ఏడాది పెద్దవాళ్లు ఆడే పై గ్రూప్‌లో కూర్చునే అవకాశం రాలేదు. యూరప్‌లో ఊరూరా తిరిగి లీగులు ఆడి, గెలుపు కనిపించని ఎండ్‌గేముల్లో (బోర్డు మీద కొన్ని పావులే మిగిలిన ఆఖరి దశలో) గంటలు గంటలు కూర్చుని, ఒక్క బంటు ఎక్కువ ఉన్న చోట పాయింటు రాబట్టి, ఐదు రేటింగ్ పాయింట్లు, పది రేటింగ్ పాయింట్లు కూడబెట్టుకుంటూ అక్కడికి చేరారు. ఆయన గేములు నా పిల్లలకు బోర్డు మీద వేసి చూపిస్తూ ఉంటాను. హడావిడి ఉండదు, ఎదుటివాడి రాజు మీద పడిపోవడం ఉండదు, కానీ నలభయ్యో ఎత్తు దగ్గర చూస్తే ఎదుటివాడికి కదపడానికి మంచి ఎత్తు ఒక్కటీ మిగలదు. ఆ ఓపిక పదమూడేళ్లకు రాదు సార్. పాతికేళ్ల వయసులో, ముప్పై ఏళ్ల వయసులో వస్తుంది, అప్పటిదాకా ఆటలో నిలబడగలిగినవాడికి వస్తుంది.

మరి మన పథకాలన్నీ ఏ వయసు దగ్గర ఆగిపోతున్నాయి? అండర్ 9, అండర్ 11, అండర్ 13 లో పతకం వస్తే ఫోటో, శాలువా, చెక్కు ఇస్తామన్న మాట. పదహారు దాటాక ఎవరూ లేరు. సరిగ్గా అప్పుడే ఖర్చు మొదలవుతుంది, అప్పుడే ఇంటర్ చదువు మీద పడుతుంది, అప్పుడే ఇంట్లో గొడవలు మొదలవుతాయి. నా దగ్గర నేర్చుకున్న ఒక అబ్బాయి, పేరు చెప్పను, ఏడేళ్లకే ఎత్తులు రాయకుండా మొత్తం గేము గుర్తుపెట్టుకుని తిరిగి వేసేవాడు. పదమూడేళ్లకు రాష్ట్రంలో వాడి వయసు వాళ్లలో వాడిని ఓడించేవాళ్లు చాలా తక్కువ. అప్పుడు వాడి భుజం మీద చెయ్యేసి ఫోటో దిగిన పెద్దలు ఎందరో. ప్రోత్సాహకం వస్తుందని వేదిక మీద ప్రకటించారు కూడా. ఆ డబ్బు కోసం వాళ్ల నాన్న ఆఫీసు చుట్టూ తిరిగాడు. ఒకసారి సర్టిఫికెట్ ఫార్మాట్ సరిగా లేదన్నారు, ఒకసారి ఫైలు పైకి వెళ్లిందన్నారు, ఒకసారి ఆ సీట్లో మనిషి మారాడన్నారు, ఆ తర్వాత బడ్జెట్ రాలేదన్నారు. ఆయన ప్రైవేటు ఉద్యోగి, సెలవు పెడితే ఆ రోజు జీతం పోతుంది. తిరగడం మానేశాడు. అబ్బాయి ఇప్పుడు ఆట మానేశాడు. కనిపిస్తే నమస్కారం సార్ అంటాడు, చెస్ మాట ఎత్తడు, నేనూ ఎత్తలేను.

గ్రాండ్‌మాస్టర్ టైటిల్‌కి ఏం కావాలో మీ దగ్గర ఉన్న అధికారులకు తెలియకుండా ఉండదు, అయినా మళ్లీ చెబుతాను, ఎందుకంటే మా అర్జీ చదివిన ఒక అధికారి ఇక్కడే ప్రాక్టీస్ చేసుకోవచ్చు కదా అన్నారు. 2500 రేటింగ్ దాటాలి, మూడు నార్మ్‌లు కావాలి, నార్మ్ అంటే ఒక టోర్నీలో ఆ టైటిల్‌కి తగ్గ స్థాయిలో ఆడినట్టు గుర్తింపు. ఒక్కో నార్మ్ కోసం తొమ్మిది రౌండ్ల టోర్నీలో 2600 స్థాయిలో ఆడాలి, ఆ ప్రత్యర్థుల్లో కనీసం ముగ్గురు గ్రాండ్‌మాస్టర్లు ఉండాలి, వేరే దేశాల వాళ్లు ఉండాలి. ఇంటి పక్కన ఎంత ప్రాక్టీస్ చేసినా నార్మ్ రాదు సార్. అందుకే మన పిల్లలు హంగరీ, సెర్బియా, స్పెయిన్ అని పరిగెడుతున్నారు. పిల్లవాడు ఒక్కడే వెళ్లలేడు కాబట్టి అమ్మో నాన్నో కూడా వెళ్లాలి. వీసా, టికెట్లు, గది, ఎంట్రీ ఫీజు, కోచ్ ఫీజు అన్నీ సొంతంగా పెట్టుకోవాలి. అంతా పెట్టాక ఆఖరి రౌండ్లో అర పాయింటు తగ్గి నార్మ్ చేజారితే ఆ టోర్నీ లెక్కలోకే రాదు. మళ్లీ ఇంకో దేశం, ఇంకో అప్పు. పొలం అమ్మిన తండ్రులు నాకు తెలుసు, పెళ్లి నగలు తాకట్టు పెట్టిన తల్లి తెలుసు. ఆ టెన్షన్ మొత్తం మోసుకుని పదిహేనేళ్ల పిల్లాడు బోర్డు ముందు కూర్చుని ప్రశాంతంగా ఎత్తు వెయ్యాలి. వాడికి తెలుసు, ఈ గేము పోతే ఇంట్లో ఏమవుతుందో.

ఇందులో ప్రభుత్వం చేయగలిగింది ఏమీ లేదని మాత్రం అనకండి. పక్కనే తమిళనాడు ఉంది. 2022లో మహాబలిపురంలో ఒలింపియాడ్ జరిపించింది. 2023 డిసెంబరులో అక్కడి ప్రభుత్వం అండతో చెన్నై గ్రాండ్‌మాస్టర్స్ టోర్నీ పెట్టారు. అది గుకేశ్ గెలిచాడు, అందులో వచ్చిన పాయింట్లతోనే అతనికి క్యాండిడేట్స్‌లో, అంటే ప్రపంచ ఛాంపియన్‌తో ఎవరు తలపడాలో తేల్చే టోర్నీలో, చోటు దొరికింది, అక్కడ గెలిచి 2024 డిసెంబరులో సింగపూర్‌లో ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. ఒక రాష్ట్రం సమయానికి ఒక టోర్నీ పెట్టినందుకు ప్రపంచ ఛాంపియన్ వచ్చాడు. ఆ చెన్నై టోర్నీలో మన హరికృష్ణ గారూ ఆడారు. అంతకు ముందు సంగతి చెప్పాలంటే, 1970ల్లో మద్రాసులో సోవియట్ సాంస్కృతిక కేంద్రంలో తాల్ చెస్ క్లబ్ పెట్టారు, మన దేశపు మొదటి ఇంటర్నేషనల్ మాస్టర్ మాన్యుయెల్ ఆరన్ గారు అక్కడ పిల్లలను కూర్చోబెట్టి ఆడించారు, విశ్వనాథన్ ఆనంద్ అక్కడ ఆడినవాడే. కూర్చోవడానికి చోటు, పుస్తకాలు, దారి చూపించే ఒక పెద్దాయన. అంతే కదా మేము అడుగుతున్నది!

చోటు అంటే గుర్తొచ్చింది. మా జిల్లాలో ఒక సన్మాన సభలో, హరికృష్ణ లాంటి వాళ్లను వందమందిని తయారు చేస్తాం, చెస్‌కి ప్రత్యేకంగా హాలు కట్టిస్తాం అని ఒక పెద్ద మనిషి మైకులో చెప్పారు. చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. హాలు సంగతి తర్వాత, ముందు ఒక గది ఇచ్చారు. అందులో బల్లలు మేమే చందాలు వేసుకుని కొన్నాం, గడియారాలు తల్లిదండ్రులు కొనిచ్చారు. ఎన్నికలొచ్చాయి, ఆ గదిలో సామాన్లు పెట్టాలి, తాళం ఇవ్వండి అన్నారు. ఎన్నికలు అయిపోయాయి, సామాన్లు అక్కడే ఉన్నాయి. మా బల్లలు వరండాలో వానకి తడిసి చెక్క ఉబ్బిపోయింది. ఇప్పుడు ఒక స్కూలు వాళ్లు దయతలచి సాయంత్రం పూట క్లాస్‌రూమ్ ఇస్తున్నారు, వాళ్ల పరీక్షలప్పుడు మా ఆట బంద్. జిల్లా టోర్నీలు ఇప్పటికీ కల్యాణ మండపంలోనే. మంచి ముహూర్తం ఉంటే మమ్మల్ని ఖాళీ చేయిస్తారు, మే నెల ఎండలో కరెంటు పోతే పిల్లలు చెమటలు కక్కుతూ క్లాక్ చూసుకుంటూ ఆడతారు. తాళం గురించి నేను రాసిన ఉత్తరాలకు జవాబు లేదు. కొత్త హాలు తర్వాత సంగతి సార్, పాత గది తాళం ఇప్పించండి ముందు.

ఇంకో మాట, ఇది నాకు అన్నిటికన్నా ముఖ్యం. సింగపూర్‌లో గుకేశ్ గెలిచాక అతని వెనక పనిచేసిన జట్టు పేర్లు బయటికి వచ్చాయి, అందులో హరికృష్ణ గారి పేరు ఉంది. నాకు ఎంత గర్వంగా అనిపించిందో చెప్పలేను. ప్రపంచ టైటిల్ మ్యాచ్‌కి సిద్ధం చేయగల బుర్ర మన గుంటూరులో పుట్టింది. ఫ్రెంచ్ డిఫెన్స్ అనే ఆట మొదలుపెట్టే పద్ధతి మీద ఆయన చేసిన కోర్సు చూసి విదేశాల్లో పిల్లలు నేర్చుకుంటున్నారు. ఆయన మాత్రం యూరప్‌లో ఉంటున్నారు, ఆటగాడిగా ఆయనకు అక్కడే పని ఉంది, అందులో తప్పేమీ లేదు. కానీ మన దగ్గర ఎవరైనా ఆయన్ని అడిగారా? ఏడాదిలో ఒక పది రోజులు మన పిల్లలతో కూర్చోండి, రానుపోను ఏర్పాట్లు మేం చూసుకుంటాం, ఆన్‌లైన్‌లో నెలకోసారి మాట్లాడండి అని మీ శాఖ నుంచి ఒక ఉత్తరం వెళ్లిందా? వెళ్లి ఉంటే దయచేసి చెప్పండి, సంతోషిస్తాను. ఆయన గేముల్లో ఒక యాభై ఏరి, ఎత్తు ఎత్తుకీ తెలుగులో వివరణ రాసి ప్రతి హైస్కూలు లైబ్రరీకి ఒక పుస్తకం ఇవ్వడానికి ఎంతవుతుంది? నా దగ్గరికి వచ్చే పిల్లల్లో సగం మంది తెలుగు మీడియం. లెక్క బాగా వేస్తారు, ఇంగ్లీషు వివరణ దగ్గర ఆగిపోతారు. నాకు చేతనైనంత నేను నోట్సు రాసి జిరాక్స్ తీసి ఇస్తున్నాను. ఒక్కడి వల్ల అయ్యే పని కాదు.

కోనేరు హంపి గారి సంగతి కూడా ఇంతే. 2002లో పదిహేనేళ్లకు గ్రాండ్‌మాస్టర్, అమ్మాయిల్లో అప్పటికి ప్రపంచ రికార్డు. తండ్రి అశోక్ గారు ఉద్యోగం వదులుకుని నేర్పారు. తల్లి అయ్యాక తిరిగి వచ్చి 2019లో, మళ్లీ 2024లో మహిళల ప్రపంచ ర్యాపిడ్ (తక్కువ సమయంలో ఆడే చెస్) టైటిల్ గెలిచింది, రెండోసారి గెలిచేటప్పటికి ముప్పై ఏడేళ్లు. మన రాష్ట్రం చెస్‌లో ఎవరికీ తీసిపోదు, కానీ ప్రతిసారీ ఒక తండ్రో తాతో ఇల్లూ వాకిలీ పక్కన పెట్టి తయారు చేస్తేనే ఒకరు వస్తున్నారు. అలా చేయలేని ఇళ్లలో పుట్టిన పిల్లల పరిస్థితి ఏమిటి? ఆటో నడిపే నాన్నకు ఉద్యోగం వదులుకునే అవకాశం ఉందా?

ఇంత రాశాక మీరు అడగవచ్చు, అసలు ఏం కావాలయ్యా నీకు అని. పదహారు దాటిన పిల్లలకు, రేటింగ్ చూసి, ఇరవై అయిదేళ్ల దాకా ఏటా సాయం చేసే పథకం కావాలి. ఆడి వచ్చాక బిల్లులు పెట్టుకుంటే ఎప్పుడో ఇచ్చే పద్ధతి వద్దు, టికెట్ కొనేటప్పుడు చేతిలో ఉండాలి. ప్రతి ఏడాదీ ఒకే నెలలో విశాఖలోనో గుంటూరులోనో నార్మ్ వచ్చే స్థాయి టోర్నీ ఒకటి పెట్టండి, విదేశీ గ్రాండ్‌మాస్టర్లను పిలవండి, మన పిల్లలకు ఎంట్రీ ఫీజు తీసేయండి. టోర్నీకి వెళ్లిన పిల్లలకు స్కూల్లో హాజరు వేయమని చెప్పండి, ఇప్పుడు ఒక్కో హెడ్‌మాస్టర్ గారు ఒక్కో రకంగా చేస్తున్నారు. హరికృష్ణ గారికి, హంపి గారికి, మన గ్రాండ్‌మాస్టర్లే అయిన హారిక గారికి, లలిత్ బాబు గారికి ఉత్తరం రాయండి, వాళ్లేం చెబుతారో వినండి. నా మాట కాకపోతే వాళ్ల మాటైనా వినండి సార్, అది మాత్రం చేయండి.

ఆగిపోయిన ప్రోత్సాహకాల జాబితా నా దగ్గర ఉంది, పిల్లల పేర్లు, టోర్నీ పేర్లు, తేదీలు, అర్జీ రసీదులతో సహా. పిల్లల పేర్లు అందరి ముందూ పెట్టడం ఇష్టం లేక ఇక్కడ రాయలేదు. మీ కార్యాలయం నుంచి ఎవరైనా రమ్మంటే ఆ రోజే పట్టుకొస్తాను. ఈసారి మెసేజ్ వద్దు. సంతకం ఉన్న జవాబు ఒకటి ఇప్పించండి, అవును అన్నా సరే, కాదు అన్నా సరే. మే నెలలో జిల్లా సెలెక్షన్లు ఉన్నాయి, ఆ లోపు గది తాళం ఇప్పించగలిగితే ఆ పిల్లలు ఈ ఏడాదైనా ఫ్యాను కింద కూర్చుని ఆడతారు.

ఇట్లు,
ఒక జిల్లా చెస్ కోచ్