మెదడు కొలతలు, మన తొందరపాటు

సంపాదకులు గారికి నమస్కారాలు.

ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత కుదరకపోవడం, అతి చురుకుదనం ఉండే సమస్య) ఉన్న పిల్లల గురించి గత వారం మీ వరంగల్ జిల్లా పేజీలో 'మెదడే చిన్నది' అన్న శీర్షికతో వచ్చిన కథనం ఇప్పటికీ హనుమకొండ తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతూనే ఉంది. కుదురుగా కూర్చోలేని ఒక బాలుడి తల్లికి ఓ ప్రైవేటు బడివారు ఆ కథనాన్ని చూపించి, వేరే బడి చూసుకొమ్మన్నారని తెలిసింది. పరిశోధన ఫలితం చేతికి టీసీ ఇవ్వడానికి కూడా పనికొస్తుందని ఆ శాస్త్రవేత్తలు ఊహించి ఉండరు.

కథనానికి ఆధారమైన అధ్యయనం 2017లో 'లాన్సెట్ సైకియాట్రీ'లో వెలువడింది. ఏడీహెచ్‌డీ ఉన్న 1,713 మంది, లేని 1,529 మంది మెదడు స్కాన్లను అందులో పోల్చారు. ఎమిగ్డలా, హిప్పోకాంపస్ వంటి కొన్ని మెదడు లోపలి భాగాల పరిమాణం మొదటి వర్గంలో సగటున కొద్దిగా తక్కువగా ఉన్న మాట నిజమే. అయితే ఆ తేడా చాలా స్వల్పమనీ, పిల్లల్లోనే ఎక్కువగా కనిపించిందనీ, పెద్దవారిలో చెప్పుకోదగినంతగా లేదనీ అదే అధ్యయనం చెబుతోంది. మీ విలేకరికి మాత్రం ఇవేవీ అవసరం అనిపించలేదు. కరీంనగర్ వారి సగటు ఎత్తు వరంగల్ వారి కంటే వెంట్రుకవాసి తక్కువని తేలినంత మాత్రాన, కాజీపేట స్టేషన్లో దిగిన మనిషి ఎత్తు చూసి అతనిది ఏ ఊరో చెప్పగలమా? అందుకే స్కాన్ తీసి ఏడీహెచ్‌డీని నిర్ధారించే పద్ధతి నేటికీ లేదు. లక్షణాలు పన్నెండేళ్లలోపే మొదలయ్యాయా, ఇంట్లోనూ బడిలోనూ కనిపిస్తున్నాయా, ఆరు నెలలకు పైగా ఉన్నాయా అని ఓపికగా అడిగి తెలుసుకోవడమే వైద్యుల మార్గం. ఇక అదే పేజీ అడుగున 'బ్రెయిన్ మ్యాపింగ్' ప్రకటన వేసిన మీ ప్రకటనల విభాగం సమయస్ఫూర్తిని మెచ్చుకోక తప్పదు.

అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ పరిశోధకులు 2007లో ప్రచురించిన ఫలితాలను ఆ కథనం ప్రస్తావించనే లేదు. మెదడు పైపొరలో సగం ప్రాంతాలు గరిష్ఠ మందానికి చేరే వయసు ఇతర పిల్లల్లో 7.5 ఏళ్లు కాగా, ఏడీహెచ్‌డీ ఉన్నవారిలో 10.5 ఏళ్లని వారు గుర్తించారు. ఎదుగుదల వరుస ఇద్దరిలోనూ ఒకటే, ఆలస్యమే తేడా. ఆ ఆలస్యం ఎక్కువగా నుదుటి వెనుక, అంటే ఆగడానికీ ఆలోచించడానికీ తోడ్పడే భాగంలో కనిపించగా, శరీర కదలికలను నడిపే భాగం మాత్రం కాస్త ముందుగానే ఎదిగింది. మూడో తరగతి పిల్లవాడిని గంటల తరబడి బెంచీకి కట్టేసినట్టు కూర్చోబెట్టి, కదిలితే డైరీలో ఎర్రసిరాతో రాసే మన బడులు చదవవలసింది ఈ సంగతి.

పెద్దయ్యాక ఏడీహెచ్‌డీ దానంతట అదే పోతుందని మీ కథనం తేల్చేసింది. స్కాన్లో తేడా కనిపించకపోవడం, ఇబ్బంది లేకపోవడం ఒకటి కావు. చాలామందిలో పరుగులు తగ్గినా మరుపు, పనులు సగంలో వదిలేయడం, లోలోపలి అసహనం మిగిలే ఉంటాయి. ఉద్యోగంలో కుదురు లేదని, బాధ్యత తెలియదని ఇంటాబయటా మాటలు పడేది వారే.

మన అధికారుల సంగతి సరేసరి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పిల్లల్లో గుర్తించవలసిన సమస్యల జాబితాలో ఏడీహెచ్‌డీ స్పష్టంగా ఉంది. ములుగు, భూపాలపల్లి, నర్సంపేట బడుల్లో ఇప్పటివరకు ఎంతమంది పిల్లలను అలా గుర్తించి నిపుణుల దగ్గరకు పంపారో చెప్పే లెక్క ఎవరి దగ్గరైనా ఉందా? కంటి అద్దాల పంపిణీకి ఫొటోలు దిగే ఉత్సాహంలో పదోవంతు ఇటు మళ్లినా చాలు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఏడీహెచ్‌డీకి విడిగా చోటు లేకపోవడం కూడా, కాగితం లేనిదే కదలని కార్యాలయాలకు మంచి సాకుగా దొరికింది.

మీరు సవరణ ప్రచురిస్తే, దానిని లోపలి పేజీల్లో మరణవార్తల పక్కన చీమతలంత అక్షరాల్లో కాకుండా, ఆ శీర్షిక వేసిన చోటనే, అంతే పెద్ద అక్షరాల్లో వేయవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
హనుమకొండ.