ఆ వాల్వ్ సీల్స్ మళ్లీ మారుస్తున్నాం, బండ్లు తీసుకురండి

మా దగ్గర ఈ మధ్య హెడ్ పని గానీ, వాల్వ్ సీల్స్ మాత్రమే గానీ చేయించుకున్నవాళ్లకు ఈ కబురు. వాల్వ్ సీల్ అంటే వాల్వ్ కాడ వెంట ఆయిల్ సిలిండర్‌లోకి దిగకుండా ఆపే చిన్న ముక్క. మేము వేసిన సీల్స్‌లో ఒక బ్యాచ్ తప్పుడు సరుకు. ప్యాకెట్ మీద ఎఫ్‌కేఎం అని, అంటే అందరూ వైటాన్ అనే రబ్బరు అని ఉంది. లోపలున్నది మామూలు నైట్రైల్ రబ్బరు. ఆ బ్యాచ్ పడిన ప్రతి బండికీ సీల్స్ మళ్లీ మారుస్తాం. సామానుకు గానీ కూలికి గానీ మీరేమీ ఇవ్వక్కర్లేదు.

రెండూ చూడటానికి ఒకటే. నైట్రైల్ 100 డిగ్రీల దాకా హాయిగా పనిచేస్తుంది, 120 దాటి అదే పనిగా కాగితే గట్టిపడుతుంది. ఎఫ్‌కేఎం 200 డిగ్రీల దగ్గర కూడా తట్టుకుంటుంది. నడుస్తున్న ఇంజిన్‌లో సంప్‌లో, అంటే అడుగు తొట్టెలో ఉండే ఆయిలే 90 నుంచి 110 డిగ్రీల్లో ఉంటుంది, ఎగ్జాస్ట్ వాల్వ్ గైడ్ (వాల్వ్ కాడ కదిలే గొట్టం) దగ్గర వేడి అంతకన్నా ఎక్కువ. అక్కడ నైట్రైల్ సీల్ పెదవి బిరుసెక్కి వాల్వ్ కాడను పట్టుకోవడం మానేస్తుంది, ఆయిల్ గైడ్ వెంట జారి సిలిండర్‌లోకి దిగుతుంది. మొదట్లో మాత్రం పొగ చుక్క కూడా రాదు. అందుకే మా టెస్ట్ డ్రైవ్‌లో దొరకలేదు.

సంగతి చెబితే సరఫరాదారు ఇచ్చిన జవాబు: ‘బిగించడంలో తేడా చేసుంటారు.’ ఈ మాట మాకు మింగుడు పడలేదు. బిగింపు తప్పితే దాని గుర్తులు వేరు. వాల్వ్ స్ప్రింగ్‌ను నిలిపే చిన్న ముక్క కాటర్, అది కూర్చునే గాడి మీద సన్నటి ప్లాస్టిక్ తొడుగు వేయకుండా సీల్ దించితే పెదవి కోసుకుపోతుంది. సైజు టూల్ లేకుండా సుత్తితో కొడితే సీల్ వంకరగా కూర్చుంటుంది. అలాంటి తప్పు ఏదో ఒక వాల్వ్ దగ్గర, మొదటి రోజు నుంచే పొగ చూపిస్తుంది. మేము విప్పిన ఇంజిన్‌లో అన్ని సీల్సూ తిన్నగానే కూర్చున్నాయి. కోత ఎక్కడా లేదు. అన్నీ గట్టిపడ్డాయి, ఎగ్జాస్ట్ వైపువి మరీ ఎక్కువగా. గోరుతో నొక్కితే గుంట పడలేదు, వంచితే పెదవి పగిలింది.

అప్పుడు అదే బ్యాచ్‌లో వాడకుండా మిగిలిన సీల్‌ను, మాకు నమ్మకమున్న మరో సీల్‌ను పక్కపక్కన 150 డిగ్రీల ఓవెన్‌లో 72 గంటలు ఉంచాం. మంచిది మెత్తగానే ఉంది, ఆ బ్యాచ్‌ది బిరుసెక్కింది. రంగు చూసి నమ్మడానికి లేదు, ఏ రబ్బరుకైనా ఆకుపచ్చో గోధుమో కలపొచ్చు. ఓ-రింగ్‌కైతే తూకం పనికొస్తుంది, ఒకే సైజులో ఎఫ్‌కేఎం రింగు నైట్రైల్ కంటే దాదాపు ఒకటిన్నర రెట్లు బరువుంటుంది. వాల్వ్ సీల్‌కు లోహపు తొడుగు ఉంటుంది కాబట్టి తూకం తేల్చదు.

మమ్మల్ని ఎక్కువగా నలిపిన ప్రశ్న, పొగ రాని బండ్లను పిలవాలా వద్దా అన్నది. బాగా నడుస్తున్న ఇంజిన్‌ను విప్పడం చిన్న విషయం కాదు. కొన్ని మోడళ్లలో వాల్వ్‌లను తెరిచే క్యామ్‌షాఫ్ట్ తీయాలి, అంటే టైమింగ్ మళ్లీ కట్టాలి. కాటర్ ఒక్కటి ఆయిల్ రంధ్రంలోంచి జారితే సంప్ దించాల్సిందే. పొగ వచ్చాకే చూద్దామన్న మాట మాలోనే వచ్చింది, వాదన రోజులు సాగింది. పిలవాలనే తేల్చాం. బిరుసెక్కిన రబ్బరు మళ్లీ మెత్తబడదు. పొగ కంటికి కనబడేలోపే ఆయిల్ కాలి ప్లగ్‌ల మీద బూడిద కడుతుంది, ఆయిల్‌లోని ఫాస్ఫరస్, పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను నెమ్మదిగా చంపుతుంది. కన్వర్టర్ పోయాక సీల్ మార్చి ఏం లాభం?

హెడ్ దించం. పిస్టన్‌ను టాప్ డెడ్ సెంటర్‌కు, అంటే దాని పై కొసకు తెచ్చి, ప్లగ్ రంధ్రంలోంచి గాలి పట్టించి వాల్వ్‌ను నిలబెడతాం. గాలి ఒత్తిడికి క్రాంక్ తిరిగిపోకుండా పట్టి ఉంచుతాం. ఆయిల్ రంధ్రాలన్నిటికీ గుడ్డలు కుక్కి లెక్కపెట్టి తీస్తాం. టాపెట్ కవర్ గ్యాస్కెట్ కొత్తదే వేస్తాం.

‘కాస్త చిక్కటి ఆయిల్ పోయండి, పొగ తగ్గుతుంది’ అని కొందరు అడుగుతున్నారు. తగ్గొచ్చు. అయినా మేము పోయం.

సరఫరాదారు తర్వాత సరుకు మార్చి ఇస్తామన్నారు. తీసుకోలేదు, ఇక తీసుకోం. ఇక మీదట ప్రతి బ్యాచ్‌లో ఒక సీల్ ముందు ఓవెన్‌కు వెళ్తుంది. థర్మోస్టాట్‌ను వేడి నీళ్లలో థర్మామీటర్ పెట్టి, దాని మీద కొట్టిన అంకె దగ్గరే తెరుచుకుంటోందా చూసి వేస్తాం. డ్రెయిన్ ప్లగ్ రాగి వాషర్, కోణం లెక్కతో సాగదీసి బిగించే హెడ్ బోల్టులు ఎప్పటిలాగే కొత్తవి.

బండిని ముందురోజు సాయంత్రమే వదిలిపెట్టండి. రాత్రంతా చల్లబడిన ఇంజిన్‌ను పొద్దున మేమే మొదట స్టార్ట్ చేసి చూడాలి, సీల్ కారితే నీలిపొగ అప్పుడే ఒక్క బుసగా వస్తుంది. ఎత్తు ఎక్కుతున్నప్పుడు ఆగకుండా పొగ వస్తుంటే పిస్టన్ రింగుల సమస్య కావచ్చు, అది విడిగా చెప్పండి. ఈలోగా వారానికోసారి డిప్‌స్టిక్ చూడండి. కింది గీతకు దిగితే అదే గ్రేడ్ ఆయిల్ పోసి, ఎన్ని కిలోమీటర్లకు ఎంత పట్టిందో రాసి తీసుకురండి.